బిలాల్ చేతి దెబ్బ

ఆ రోజు ఉదయం తన్వీర్ చేయదలచుకున్న పని ఒక్కటే: పెళ్ళిబస్సు కదిలేలోగా ఒక డ్రమ్ము దెబ్బను బాగుచేయడం. వనపర్తిలో, కూరగాయల మార్కెట్టు వెనక సందులో, రెండు గదుల ఇంట్లో ముందు గది అతనిది. అందులో ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, ఒక మైకు, చప్పుడు బయటికి పోకుండా గోడలకు మేకులతో కొట్టిన పాత బొంతలు ఉండేవి. ఒకప్పుడు బ్యాండు మేళంలో కీబోర్డు వాయించిన అతడు, మేళంలోని వాద్యాలన్నిటినీ కంప్యూటరు ఒక్కటే వాయించగలదన్న సంగతి తెలిసిన నాటి నుంచి గది దాటి బయటికి రావడం తగ్గించాడు. రెండువేల ఏడో సంవత్సరం నాటికి ఆ సందులో అతడు కనపడడం కంటె వినపడడమే ఎక్కువ.

ఆ గది విషయంలో అతని భార్య ఇష్రత్‌కు వేరే అభిప్రాయం ఉండేది. ఆమె వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పొద్దున ఎండ, సాయంత్రం దుమ్ము, పెళ్ళిళ్ళ కాలంలో కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళకు నిలబడే చోటు లేకపోవడం, ఇవన్నీ ఆమె ఏనాడూ అరిచి చెప్పలేదు. మెల్లగా, రోజూ చెప్పింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు.

"సునోజీ," అన్నది ఇష్రత్, చాయ్ గ్లాసు కంప్యూటరు పక్కన పెడుతూ. "మన ఒప్పందం యాదికున్నదా?"

"ఉన్నది."

"జర చెప్పు. నాకు మతికొస్తలేదు."

"వెంకటన్న డ్రమ్ము బాగున్నదంటె రూము నాది. బాగలేదంటె నీ మిషను లోపలికొస్తది, నా కంప్యూటరు వరండాలకు పోతది."

"ఇయ్యాలటితోనె తేలాలె. రేపు, ఎల్లుండి అంటె నడ్వది."

"ఇయ్యాలనె తేలుతది."

"మంచిది. కిటికి పక్కన జాగ కొలిచి పెట్టిన," అని ఇష్రత్ ఖాళీ ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

వెంకటన్న పెళ్ళిళ్ళకు సౌండు బాక్సులు కిరాయికిచ్చే మనిషి. ఆత్మకూరు నుంచి పెద్దమందడి దాకా ఏ ఊరేగింపు జరిగినా అతని బాక్సులు ఉండవలసిందే. ఆ బాక్సుల్లో మోగడానికి, డ్రమ్ము దెబ్బ రొమ్ముకు తగిలేటట్టు ఒక ఊరేగింపు పాట చేసిపెట్టమని అతడు తన్వీర్‌ను అడిగాడు. మొదటిసారి విని, "తడిసిన బొంతను కట్టెతోని కొట్టినట్టున్నది" అన్నాడు. తన్వీర్ రెండు వారాలు కష్టపడి మళ్ళీ వినిపించాడు. వెంకటన్న కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, "ఇప్పుడు రెండు బొంతలైనయి" అన్నాడు. మూడోసారి, అంటే ఈ రోజు, ఎదురింటి నారాయణ కొడుకు గోపి పెళ్ళికి బీచుపల్లి పోతూ అతడు దారిలో వింటాడు. బాగుంటే సాయంత్రం ఊరేగింపులో ఇదే పాట. లేకపోతే పట్నం నుంచి తెచ్చిన సీడీ అతని జేబులో తయారుగా ఉంది.

దోషం ఏమిటో తన్వీర్‌కు తెలుసు. దాన్ని పోగొట్టే దారి తెలియదు. మంచి డ్రమ్ము దెబ్బలో రెండు భాగాలుంటాయి. తోలు మీద కర్ర తగిలిన క్షణాన వినపడే పదునైన తాకిడి మొదటిది. దాని వెంట కడుపులో నుంచి వచ్చే లోతైన మోత రెండవది. మొదటిది చెవికి, రెండవది రొమ్ముకు. తన్వీర్ డ్రమ్ములో మోత ఉంది, తాకిడి లేదు. వెంకటన్న బాగలేదన్నప్పుడల్లా అతడు మోతనే ఇంకొంచెం పెంచాడు. అది పెరిగిన కొద్దీ పాటలోని బేసు గిటారుతో కలబడేది. ఇరుకు తలుపులో నుంచి లావుపాటి బంధువులిద్దరు ఒకేసారి లోపలికి రాబోయినట్టు రెండూ గుమ్మంలో ఇరుక్కుపోయి, వినేవాడికి రొప్పు తప్ప మరేమీ మిగిలేది కాదు. తాకిడి కోసం అతడు ఇంట్లో చప్పుడు చేయగల వస్తువులన్నిటినీ మైకు ముందు పెట్టి కొట్టాడు. బియ్యం డబ్బా చీదింది. ట్రంకుపెట్టె గిలకలాడింది. రొట్టెల పెనం చాలా బాగా మోగింది గానీ అది డ్రమ్ములా కాక బడిగంటలా ఉండడం వల్ల పక్కింటి పిల్లలు పుస్తకాలు సర్దుకున్నారు.

అతడు పెనం వంటింట్లో పెట్టి వస్తుండగా సందులోకి పెళ్ళిబస్సు వచ్చింది. గద్వాల నుంచి కిరాయికి తెచ్చిన పాత బస్సు. సందు ఇరుకు గనుక వెనక్కి నడుపుకుంటూ లోపలికి తెస్తున్నారు. బస్సు వెనక నిలబడిన క్లీనరు అరచేత్తో రేకు మీద ఆగకుండా దరువు వేస్తున్నాడు. బస్సు ఇష్రత్ వరండాకు జానెడు దూరంలోకి వచ్చినప్పుడు దరువు ఆపి, ఒక్క దెబ్బ కొట్టాడు. బస్సు ఆగింది.

తన్వీర్ కూడా ఆగాడు. ఆ దెబ్బకు తాకిడి ఉంది. కత్తితో కోసినట్టు మొదలై, అంతే శుభ్రంగా ముగిసింది. అతడు బయటికి వచ్చి క్లీనరు చేతిని చూశాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి. అరచేయి రొట్టెల పీటంత వెడల్పు.

"భాయ్, నీ పేరేంది?"

"బిలాల్."

"బిలాల్ భాయ్, జర ఇంకోసారి కొట్టు."

"ఎవల్ని?"

"బస్సును."

బిలాల్ అనుమానంగా డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు తిమ్మప్ప రాయచూరు సరిహద్దు మనిషి. అతడు కిటికీలో నుంచి తల బయటికి పెట్టి విషయం అడిగి తెలుసుకుని, "హౌదా," అని కన్నడంలో ఆశ్చర్యపడి, కొంచెంసేపు ఆలోచించాడు. "కొట్టుకోండ్రి గాని, ఒక్కొక్కటే కొట్టాలె. ఒకటి కొడితె నా కాలు ఆపుతది. రెండు కొడితె పోనిస్తది. ఆగకుండ కొడితె ఎనకకు తెస్తది. ఇరవై ఏండ్ల సంది గంతే. కాలు నన్ను అడగదు."

"మరి నువ్వేం జేస్తవు తిమ్మప్పన్నా?"

"నేను బీడి తాగుత."

ఇంజను ఆపించి, వరండాలో నిలబడి, మైకును రేకుకు మూరెడు దూరంలో పెట్టి, తన్వీర్ దెబ్బలు రికార్డు చేశాడు. ఒక్కొక్క దెబ్బ పూర్తిగా చచ్చి, సందు నిశ్శబ్దమైన తర్వాతే మరొకటి కొట్టించాడు. ఇంజను ఆగి ఉన్నా, బస్సు ఎక్కడికీ పోయేది లేకపోయినా, దెబ్బ పడినప్పుడల్లా వెనక ఎర్రదీపం ఒకసారి వెలిగి ఆరడం అతడు గమనించాడు. తిమ్మప్ప బీడీ తాగుతున్నాడు. కాలు తన పని తాను చేసుకుపోతున్నది.

ఆ తర్వాత పనంతా గదిలో జరిగింది. తన్వీర్ బిలాల్ దెబ్బలోని అడుగు భాగాన్ని తీసేసి, పై తాకిడిని మాత్రం ఉంచుకున్నాడు. దాని కింద తన పాత డ్రమ్ములోని మోతను, తోక కత్తిరించి, అతికించాడు. ఇన్నాళ్ళూ మోతను పెంచుతూ వచ్చినవాడు ఈసారి దాన్ని తగ్గించాడు. గిటారు గొంతులో డ్రమ్ము నిలబడే చోట కొంచెం సన్నగా చెక్కి, డ్రమ్ము కొట్టిన ప్రతిసారీ గిటారు రెప్పపాటు తలవంచి దారి ఇచ్చేటట్టు అమర్చాడు. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాడు. పాట మొదట్లో డ్రమ్ము ఒక్కటే చాలాసేపు మోగాలని, అంత మంచి దెబ్బకు పక్కన ఎవరూ ఉండకూడదని నిర్ణయించి, సీడీ తయారుచేసుకుని బయటికి వచ్చాడు.

అప్పటికి బస్సు నిండింది. ఆడవాళ్ళు పాటలు అందుకున్నారు. ఇంజను మోగుతున్నది. నారాయణ వెనక సీట్లలో చుట్టాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. గోపి బుగ్గన చుక్కతో, మెడలో దండతో మొదటి సీట్లో ఉన్నాడు. పక్కనే తల్లి చిన్నమ్మ. బస్సు వెనక వెంకటన్న ట్రాలీ ఆటో నిలబడి ఉంది. దాని మీద మనిషెత్తు బాక్సులు, జనరేటరు, టార్పాలిను. తన్వీర్ ఎక్కి టార్పాలిను లాగాడు. ఎన్ని ఊళ్ళ దుమ్మో ఒక్కసారిగా లేచింది.

తన్వీర్ తుమ్మాడు.

బస్సులో పాట ఆగింది. ప్రయాణం మొదలయ్యే వేళ ఒంటి తుమ్ము మంచిది కాదు, ఆగవలసిందే. రెండు తుమ్మితే దోషం లేదు, పోవచ్చు. బస్సు రేకుకూ తుమ్ముకూ ఒకటే చట్టం అమలులో ఉందన్న సంగతి ఆ సమయంలో ఎవరికీ తట్టలేదు.

చిన్నమ్మ కిటికీలో నుంచి తల బయటికి పెట్టింది. "ఎవలయ్యా తుమ్మింది?"

"నేనే అక్కా. దుమ్ము."

"ఇంకోటి తుమ్ము తన్వీరు. రెండైతె ఏం గాదు."

తన్వీర్ ప్రయత్నించాడు. సూర్యుడి వైపు చూశాడు. టార్పాలినును మళ్ళీ దులిపాడు. వెంకటన్న సాయానికి వచ్చి నస్యం ఉందేమోనని చుట్టాలను అడిగాడు. బస్సులోని కళ్ళన్నీ తన ముక్కు మీద ఉండగా తుమ్మడం ఎవరికైనా కష్టమే. కొంతసేపటికి చిన్నమ్మకు ఓపిక పోయింది.

"ఒకటి అడగకుండ తుమ్మవడ్తివి. అడిగితె ఇంకోటి తుమ్మరాదు," అని, కొడుకు చేయి పట్టుకుని కిందికి దింపింది. ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరితే దోషం పోతుంది. ఈ ఖాళీలో క్లీనరు బిలాల్ సందు మొగన చాయ్ తాగడానికి పోయాడు.

"ఎట్లాగు ఆగినం గద," అన్నాడు వెంకటన్న. "నీ బొంతను ఇనిపియ్యి."

"బొంత కాదన్నా ఈసారి."

"ఇంటె తెలుస్తది."

బాక్సులు బస్సు వెనక రేకుకు బారెడు దూరంలో, దాని వైపే తిరిగి ఉన్నాయి. తన్వీర్ సీడీ పెట్టి, మీట నొక్కాడు. మొదటి దెబ్బకు రేకు వణికింది. రెండో దెబ్బకు బస్సు కదిలింది. మూడో దెబ్బ వినపడేసరికి అది సందు మలుపు తిరుగుతున్నది. నాలుగో దెబ్బ ఖాళీ సందులో ఇంకా గొప్పగా మోగింది.

తన్వీర్ సీడీ ఆపాడు. ఇంట్లో నుంచి గోపి, నీళ్ళ చెంబుతో చిన్నమ్మ బయటికి వచ్చారు. సందు మొగ నుంచి చాయ్ గ్లాసు పట్టుకుని బిలాల్ వచ్చాడు. అందరూ ఖాళీ చోటును చూశారు.

"నేను బయట్నె ఉన్న," అన్నాడు బిలాల్ మెల్లగా. "మరి రైట్ ఎవడు కొట్టిండు?"

తన్వీర్ తన బాక్సుల వైపు చూశాడు. వరండాలో కుట్టుమిషను దగ్గర ఇష్రత్ చేతిలోని జాకెట్టును మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పెనిమిటి పాట వల్ల పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి వెళ్ళిపోవడం ఆమె స్వయంగా చూసింది. లేచి, గదిలోకి వెళ్ళి, కిటికీ పక్కన కొలిచిన జాగాను మరొకసారి కొలిచింది.

"పరేషాన్ ఎందుకు? నారాయణకు ఫోన్ చేస్త," అని వెంకటన్న సెల్లు తీసి నంబరు నొక్కాడు. గోపి జేబులో ఫోను మోగింది. గోపి వినయంగా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హలో. మా నాయన లేడు. బస్సుల పోయిండు."

"ఆయన ఫోను నీ తాన ఎందుకున్నదిరా?"

"కొత్త అంగికి జేబు కుట్టలేదంట. నన్ను పట్టుకొమ్మన్నడు."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే ఈ మాటలు ఫోనులో మాట్లాడుకున్నారు.

ఇక చేయగలిగింది ఒక్కటే. వెంకటన్న ట్రాలీ ఆటో నడిపాడు. అతని పక్కన చిన్నమ్మ, చిన్నమ్మ పక్కన సగం బయటికి గోపి. వెనక బాక్సులను పట్టుకుని తన్వీర్, బిలాల్. చెంబు చిన్నమ్మ చేతిలోనే ఉండిపోయింది. మార్కెట్టు దగ్గర జనం పెళ్ళికొడుకును చూసి, ఇది కొత్త రకం ఊరేగింపు అనుకుని దారి ఇచ్చారు.

బస్సులో ఏమి జరుగుతున్నదంటే, ఏమీ జరగడం లేదు. వెనక కూర్చున్నవాళ్ళకు మొదటి సీటు కనపడదు. ముందు కూర్చున్నవాళ్ళకు ఖాళీ సీటు కనపడింది గానీ, ఒంటి తుమ్ము తర్వాత బండి మార్చడం మంచిదని చిన్నమ్మే కొడుకును వెంకటన్న ఆటోలో ఎక్కించి ఉంటుందని వాళ్ళు తమలో తాము తేల్చుకుని, ఆమె తెలివిని మెచ్చుకున్నారు. పాటలు మళ్ళీ అందుకున్నారు.

పెబ్బేరు రోడ్డు మీద, రెండు వైపులా పల్లికాయ చేలు వచ్చేసరికి బస్సు కనపడింది. వెంకటన్న హారను కొట్టాడు. పెళ్ళిబస్సు వెనక హారను కొట్టే బండి దారి అడుగుతున్నదని ఏ డ్రైవరైనా అనుకుంటాడు. తిమ్మప్ప చేయి బయటికి చాపి, ముందుకు పొమ్మని మర్యాదగా ఊపాడు. దారి ఇచ్చాడు గానీ వేగం తగ్గించలేదు. నిండు బాక్సులతో ఉన్న ఆటోకు ముందుకు పోయే శక్తి లేదు.

"హారను ఇనడు," అన్నాడు బిలాల్. "ఎవలొర్రినా ఇనడు. రేకు మీద ఒక్క దెబ్బ పడాలె. గప్పుడే ఆగుతడు."

"దుంకి పోయి కొడ్తవా?"

"నా దెబ్బ నీ తాన ఉన్నది గద. నువ్వే కొట్టు."

తన్వీర్ జనరేటరు వేసి, సీడీ పెట్టి, ఒక వేలు మొదలుపెట్టే మీట మీద, ఇంకో వేలు ఆపే మీట మీద ఉంచాడు. ఒక్క దెబ్బ మోగాలి, రెండోది మోగకూడదు. అయితే వెంకటన్న సీడీ ప్లేయరు చాలా పాతది. ఏది నొక్కినా కొంచెంసేపు ఆలోచించి గానీ మాట వినదు. మొదటి దెబ్బ మోగింది. బస్సు వెనక ఎర్రదీపం వెలిగింది, వేగం తగ్గింది, ఆటోలో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. రెండో దెబ్బ మోగింది. బస్సు ముందుకు దూకింది. అప్పుడు ప్లేయరు ఆగింది.

"ఇంకోసారి," అన్నాడు వెంకటన్న.

ఇంకోసారి కూడా అలాగే జరిగింది. ఆ తర్వాత మరోసారి. బస్సు ప్రతిసారీ ఆగబోయి, మనసు మార్చుకుని, ముందు కంటె వేగంగా పోయింది. బస్సులోని ఆడవాళ్ళ పాటలో కూడా అదే చోట విరుపు వస్తున్నది.

"నువ్వు ఆపుతున్నవా, తోలుతున్నవా?" అన్నది చిన్నమ్మ.

"మిషను మాట ఇంటలేదక్కా."

"అయితె ఆపకు," అన్నాడు గోపి. పెళ్ళికొడుకు పొద్దుటి నుంచి స్వయంగా ఆలోచించి చెప్పిన మొదటి మాట అదే. "ఆపకుండ కొడితె ఎనకకు వస్తడని పొద్దుగాల ఆయననె చెప్పిండు గద. మా ఇంట్ల కూసున్నా ఇనపడ్డది."

తన్వీర్, బిలాల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తన్వీర్ మీట నొక్కి, చేయి తీసేశాడు. డ్రమ్ము మొదలైంది. ఒకటి, రెండు, ఆ తర్వాత లెక్క లేకుండా, పల్లికాయ చేలల్లో కూలివాళ్ళు నడుము ఎత్తి చూసేంత శుభ్రంగా మోగసాగింది. బస్సు ఆగింది. క్షణం నిలబడింది. తర్వాత, ఏ తొందరా లేకుండా, తిన్నగా, పెళ్ళినంతా కడుపులో పెట్టుకుని వెనక్కి నడిచి రావడం మొదలుపెట్టింది. వెంకటన్న ఆటోను పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దారిన పోయే ఎడ్లబండి ఒకటి ఆగి, ఆ బస్సుకు దారి ఇచ్చింది. బస్సు సరిగ్గా ఆటో పక్కకు వచ్చినప్పుడు తన్వీర్ జనరేటరు ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో బిలాల్ దిగి, రేకు మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

తిమ్మప్ప బీడీ పారేసి కిందికి దిగాడు. మొదట అతని చూపు బిలాల్ మీద పడింది. "ఏందిరా ఇది? పొమ్మంటివి, ఆగమంటివి, మల్ల పొమ్మంటివి. ఇప్పుడు ఎనకకు రమ్మంటివి. తాగినవా?"

"నేను బస్సుల లేను తిమ్మప్పన్నా. చాయ్ తాన ఉంటి. నన్ను ఇడిచిపెట్టి పోయినవు."

"అబద్ధం జెప్పకు. ఇరవై ఏండ్ల సంది నీ చెయ్యి ఇంటున్న. నా పెండ్లాం గొంతు మర్చిపోత గాని నీ దెబ్బ మర్చిపోను."

నారాయణ కూడా దిగాడు. కొడుకు ఆటోలో ఎందుకున్నాడు, భార్య చేతిలో చెంబు ఎందుకుంది, ముహూర్తం దగ్గర పడుతుంటే బస్సు వనపర్తి వైపు ఎందుకు నడుస్తున్నది అనే మూడు ప్రశ్నలు అడిగి, ఒక్కదానికీ జవాబు కోసం ఆగకుండా, క్లీనరును అక్కడే దింపేసి పోదామన్నాడు. తిమ్మప్ప సరేనన్నాడు. బిలాల్ బస్సులో నుంచి తన సంచీ తీసుకున్నాడు.

తన్వీర్ వెంకటన్న వైపు చూశాడు. పెళ్ళిబస్సును పారదోలిన పాటను ఏ సౌండువాడూ మళ్ళీ ముట్టుకోడు. నోరు విప్పితే గది పోతుంది. విప్పకపోతే ఆ సంచీ మనిషి ఎండలో గద్వాల దాకా నడుస్తాడు.

"తిమ్మప్పన్నా, కొట్టింది ఆయన కాదు," అన్నాడు తన్వీర్. "నేను. గీ బాక్సుల నుంచి."

తిమ్మప్ప బాక్సుల వైపు చూసి నవ్వాడు. "బాక్సులల్ల వచ్చేది నాకు తెల్వదా? పెండ్లి పెండ్లికి ఇంట. వీదిల బర్రె అరిసినట్టుంటది. నేనిన్నది చెయ్యి. రేకు మీద చెయ్యి."

"అయితె మల్ల ఇను. నువ్వు సీట్ల కూసొని ముందలికి చూడు. రెండు తీర్ల కొడ్తం. ఏది బిలాల్ చెయ్యో నువ్వే చెప్పు."

ముహూర్తం సంగతి నారాయణ గుర్తుచేశాడు గానీ అప్పటికే బస్సులోని సగం మంది దిగి వెనక చేరారు. తిమ్మప్ప ఇంజను ఆపి, తువ్వాలు కళ్ళ మీద వేసుకుని కూర్చున్నాడు. తన్వీర్ పాట మొదలుపెట్టి, కొన్ని దెబ్బలు మోగనిచ్చి ఆపాడు.

"ఇది బిలాల్," అన్నాడు తిమ్మప్ప లోపలి నుంచి. "గుడ్డోనికి కూడ తెలుస్తది."

బిలాల్ సంచీ కింద పెట్టి, చొక్కా చేయి పైకి మడిచి, అదే వరసలో రేకు మీద కొట్టాడు.

"ఇదెవడో కొత్తోడు. చెయ్యిల బరువు లేదు."

బిలాల్ తన అరచేతిని ఒకసారి చూసుకుని, ఈసారి బస్సు ఊగేటట్టు కొట్టాడు.

"వీడింకా కొత్తోడు," అన్నాడు తిమ్మప్ప. "బలముంది గాని సాఫ్ లేదు. పనిల వెట్టుకోవద్దు."

తువ్వాలు తీసి వెనక్కి వచ్చి విషయం విన్నాడు తిమ్మప్ప. బిలాల్ సంచీని తానే తీసి బస్సులో పెట్టాడు. "నువ్వు చాయ్‌కి పోతె చెప్పి పోవాలె గద," అని మాత్రం అన్నాడు. ఉద్యోగం నిలిచినందుకు సంతోషించాలో, తన చేయి కంటె తన చేతి నకలు మేలని తేలినందుకు బాధపడాలో బిలాల్‌కు ఇంకా అర్థం కాలేదు.

వెంకటన్న తన్వీర్ భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు. తన్వీర్ మనసులో కంప్యూటరును వరండాలోకి మోస్తున్నాడు. ఎండ పడకుండా ఏ మూల పెట్టాలో ఆలోచిస్తున్నాడు.

"ఇంజను మోగవట్టె," అన్నాడు వెంకటన్న. "లోపల ఆడోళ్ళు పాడవట్టిరి. బస్సు ఉరకవట్టె. అయినా మనిషికి ఒక్కొక్క దెబ్బ ఇడివిడిగ ఇనపడ్డది."

"తప్పయింది అన్నా."

"తప్పు గాదు. నాకు గావాల్సింది గదే." అతడు జేబులోని పట్నం సీడీ తీసి, చిన్నమ్మ చేతిలోని చెంబు మీద మూతగా పెట్టాడు. "సాయంత్రం నీ పాటనె. కాని జర యాదిపెట్టుకో. బస్సు యాడున్నదో చూసి, పెండ్లికొడుకు యాడున్నడో చూసి, అటెన్క మీట నొక్కాలె."

పెళ్ళి ముహూర్తానికే జరిగింది. బీచుపల్లిలో సాయంత్రం ఊరేగింపు కూడా బాగా జరిగింది. ఆ సమయంలో తిమ్మప్ప బస్సు తాళంచెవి తీసి నారాయణకు ఇచ్చి, కాళ్ళు ముడుచుకుని దూరంగా చెట్టు కింద కూర్చున్నాడు. డ్రమ్ము మోగినంతసేపూ అతని కుడికాలు కొంచెం కొంచెం కదులుతూనే ఉన్నదని చూసినవాళ్ళు చెప్పారు.

తన్వీర్ ఊరేగింపు ముగిసేదాకా ఆగలేదు. ఒప్పందం తనవైపు తేలిందన్న మాట ఇష్రత్‌కు తన నోటితోనే చెప్పాలని, దొరికిన జీపు పట్టుకుని బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. ముందు గది కిటికీలో వెలుతురు ఉంది. కిటికీ పక్కన కుట్టుమిషను ఉంది. బొంతలు తీసి ఉతికి దండెం మీద ఆరేశారు. గోడ పొడుగునా కొలతల కోసం వచ్చిన ఆడవాళ్ళు సుఖంగా కూర్చుని ఉన్నారు. కంప్యూటరు వరండాలో, బల్ల మీద, శుభ్రమైన దుప్పటి కప్పుకుని ఉంది.

"వెంకటన్న బాగున్నదన్నడు," అన్నాడు తన్వీర్ గుమ్మంలో నిలబడి.

"ఇన్న," అన్నది ఇష్రత్, సూదిలో దారం ఎక్కిస్తూ. "పెండ్లికి పోయిన పక్కింటి అమృతమ్మ బీచుపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది. మస్తు సాఫ్‌గ ఉన్నదంట. మంచిగయింది."

"మరి రూము?"

"రూము నీదే. నేను కాదంటున్ననా? కాని జర ఆలోచించు. ఇన్ని దినాలు గీ రూముల కూసుంటె బొంత అయింది. ఒక్క పూట వరండాల నిలవడితె డ్రమ్ము అయింది. ఇగ నీకు రూము మంచిదా, వరండ మంచిదా?"

ఆడవాళ్ళు తన్వీర్ వైపు చూశారు. అతడు వాదనను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి మనసులో నడిపి చూసుకున్నాడు. ఎక్కడా సందు దొరకలేదు. ఇష్రత్ మిషను తొక్కింది.

ఆ ఏడాది అతడు వరండాలో కూర్చుని పదకొండు పాటలు చేశాడు. వాటన్నిటిలోనూ డ్రమ్ము వెనక, దానికి ఏమాత్రం తీసిపోకుండా, ఒక కుట్టుమిషను చాలా స్పష్టంగా వినపడుతుంది.